డోర్నకల్ గుడి కట్టించిన బిషప్ అజరయ్య

డోర్నకల్ జంక్షన్‌లో రైలు దిగిన కొత్తవారిని ఎపిఫనీ కెతెడ్రల్ ముందు నిలబెట్టి, ఇది ఎవరి గుడి అని అడిగితే వెంటనే జవాబు చెప్పలేరు. పైనున్న గుమ్మటాలు, మినార్లు చూస్తే మసీదు అనిపిస్తుంది. రాతి స్తంభాలు చూస్తే పాత దేవాలయపు మండపం గుర్తుకొస్తుంది. సిలువ కంటపడ్డాకగాని అది క్రైస్తవుల ప్రార్థనా మందిరమని తెలియదు. ఇంగ్లండులో చర్చి కట్టినట్టు మొనదేలిన శిఖరం ఎత్తి, రంగు అద్దాల కిటికీలు పెట్టి ఉంటే ఈ తికమక ఉండేది కాదు. కట్టించినవారికి ఆ సంగతి తెలియక కాదు. తెలిసే, కావాలనే ఇలా కట్టించారు.

ఆయన బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఇంగ్లండు రాజు అధిపతిగా ఉండే ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు. పుట్టుకతో తెలుగువారు కారు, తమిళులు. ముప్పై అయిదేళ్లు నిండిన వయసులో మన ప్రాంతానికి వచ్చి, తెలుగు నేర్చుకుని, చివరి ఊపిరి వరకు డోర్నకల్‌లోనే ఉండిపోయారు. పరదేశం నుంచి వచ్చిన మతం ఈ నేలలో వేరు పట్టాలంటే ఇక్కడి ఆచారాల్లో దేన్ని అక్కున చేర్చుకోవాలి, దేన్ని గడప దాటనివ్వకూడదు అన్న ప్రశ్నకు మాల మాదిగ వాడల్లో తిరుగుతూ జవాబు వెతికిన మనిషి ఆయన.

తాటిచెట్ల సీమ నుంచి

1874 ఆగస్టు 17న తిరునల్వేలి సీమలోని వెళ్ళాలన్‌విళై అనే పల్లెటూరిలో అజరయ్య జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి పాదిరి. ఆయన హిందూ కుటుంబంలో పుట్టి క్రైస్తవం పుచ్చుకున్నవారు. నాడార్ కులస్తులు. తాటిచెట్లెక్కి నీరు దించి, బెల్లం వండి బతికిన కులం అది. మన దగ్గరి గీత పనివారి బతుకు ఎరిగిన వారికి ఆ కష్టం విడమరచి చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లో నాడార్లను అనేక దేవాలయాల్లోకి రానిచ్చేవారు కాదు. కముది ఆలయ ప్రవేశం గొడవ 1897లో మొదలై కోర్టులన్నీ తిరిగి లండను ప్రివీ కౌన్సిలు దాకా వెళ్లింది. 1908లో అక్కడా నాడార్లకు వ్యతిరేకంగానే తీర్పు వచ్చింది. కులం పేరెత్తితే అజరయ్య ఎందుకంత కఠినంగా ఉండేవారో అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తిరునల్వేలిలో చదువుకుని, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. చివరి పరీక్షల్లో జబ్బుపడటంతో డిగ్రీ చేతికి రాలేదు. ఆ కొరత 1920లో తీరింది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనను పిలిచి గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

1895 నుంచి 1909 వరకు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణాది ఊళ్లన్నీ తిరిగారు. అమెరికా నుంచి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీ అనే యువకుడు ఈ పనిలో ఆయనకు జతకలిసి జీవితాంతం స్నేహితుడుగా ఉన్నారు. 1898లో అన్బు అమ్మాళ్‌తో వివాహం జరిగింది.

1902లో అజరయ్య సింహళంలోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తామే ప్రచారకులను పంపుకోవడం చూసి ఆయనకు సిగ్గేసింది. తిరునల్వేలిలో వేలకొద్దీ క్రైస్తవులున్నారు. బడికి, గుడికి, పాదిరి జీతానికి అన్నింటికీ దొరల వంకే చూస్తున్నారు. మరుసటి ఏడు, 1903లో, తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. డబ్బు మనది, మనుషులు మనవాళ్లు, నిర్వాహకులు మనవాళ్లు అన్నది దాని నియమం. 1905 డిసెంబరు 25న బెంగాలులోని శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ ప్రారంభమైంది. అందులోనూ అజరయ్యది ముఖ్యపాత్ర.

తిరునల్వేలి సొసైటీ తన పనికి ఎంచుకున్నది నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతాన్ని. బెజవాడ నుంచి వరంగల్లు మీదుగా హైదరాబాదు పోయే రైలుమార్గం, సింగరేణి బొగ్గు కోసం వేసిన శాఖామార్గం కలిసే చోటు అది. చుట్టూ అడవి, చెలకలు, దూరదూరంగా పల్లెలు.

ఇతరులకు వెళ్లమని చెప్పి తాను నగరంలో కూర్చోవడం న్యాయం కాదనుకున్నారు అజరయ్య. వై.ఎం.సి.ఎ.లో ఉన్న పేరు, హోదా వదులుకుని 1909లో పాదిరిగా అభిషేకం పొంది డోర్నకల్ వచ్చారు. ముప్పై అయిదేళ్లవాడు అ ఆ ఇ ఈలు దిద్దుకుంటూ కూర్చోవలసి వచ్చింది.

దొరల సభలో

మరుసటి ఏడాది, 1910 జూన్‌లో, స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందల మంది ప్రతినిధుల్లో ఆసియా నుంచి వెళ్లినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వారిలో అజరయ్య ఒకరు. దొర పాదిరీలకు, దేశీయ పనివారికి మధ్య సంబంధం ఎలా ఉండాలన్న విషయం మీద ఆయనను మాట్లాడమన్నారు.

ఆయన మొహమాటపడలేదు. మిషనరీలు చేసిన త్యాగానికి భారత సంఘం తరతరాలపాటు కృతజ్ఞత చూపుతుందని ముందే ఒప్పుకున్నారు. ఆస్తులు పంచారు, దేహాలు అర్పించారు, కాని పక్కన కూర్చుని స్నేహితులుగా ఉండడం మాత్రం చేతకాలేదని నిర్మొహమాటంగా చెప్పారు. తమకు కావలసింది ప్రేమేనని, స్నేహితులను ఇవ్వమని అడిగారు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసినా ఇంటికి పిలిచి భోజనం పెట్టని దొరల సంగతి సభలోనివారికి తెలియనిది కాదు. కొందరికి కోపం వచ్చింది. కొందరు తలలు వంచుకున్నారు. ఆ మహాసభ చరిత్ర రాసేవారెవరూ నేటికీ ఈ ప్రసంగాన్ని వదలిపెట్టరు.

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ మాత్రం అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నారు. డోర్నకల్‌ను వేరే అధ్యక్ష మండలంగా చేసి అజరయ్యను బిషప్‌ను చేయాలన్నది ఆయన పట్టుదల. అభ్యంతరాలు చాలా వచ్చాయి. తెల్ల పాదిరీలు నల్లవాడి ఆజ్ఞ కింద పనిచేస్తారా అన్నది అందులో పెద్దది. బాహాటంగా ఆ మాట అనలేనివారు అనుభవం చాలదన్నారు, డిగ్రీ లేదన్నారు. దేశీయ క్రైస్తవుల్లోనూ అసూయపడ్డవారు లేకపోలేదు. అన్నీ దాటుకుని 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెతెడ్రల్‌లో అభిషేకం జరిగింది. అప్పుడు అజరయ్యకు ముప్పై ఎనిమిదేళ్లు.

మొదట ఇచ్చిన మండలం చిన్నది. కొన్నేళ్లకు కృష్ణా, గోదావరి ప్రాంతాల్లో ఇంగ్లీషు మిషన్లు నడుపుతున్న సంఘాలు కూడా డోర్నకల్ కిందికి వచ్చాయి. ఏ ప్రశ్నకు భయపడ్డారో అది అక్షరాలా ఎదురైంది. ఇంగ్లీషు పాదిరీలు, ఇంగ్లీషు దొరసానులు నల్ల బిషప్ మాట వినవలసి వచ్చింది. విన్నారు కూడా. బ్రిటిషు వారి ఏలుబడిలో ఇది చిన్న విషయం కాదు.

ఎద్దుబండి మీద బిషప్

బిషప్ అంటే నగరంలో బంగళా, గుర్రబ్బండి, కలెక్టరుతో విందు అని జనం అనుకునే కాలం. అజరయ్య ఎద్దుబండి మీదా, సైకిలు మీదా ఊళ్లు తిరిగారు. ఊరికి ఎడంగా ఉండే వాడల్లోకి వెళ్లి అక్కడి మనుషుల మధ్య కూర్చున్నారు. ఆయన మండలంలో క్రైస్తవులు నూటికి తొంభై మందికి పైగా మాలలు, మాదిగలే. చదువు రానివారు, భూమి లేనివారు, వెట్టి చేసేవారు.

వీరికి దేవుని గురించి ఏ భాషలో, ఏ రూపంలో చెప్పాలి? ఇక్కడే అజరయ్య మిగతావారికంటే వేరుగా ఆలోచించారు.

ఆయనకు మూడు వందల ఏళ్ల ముందు, 1606లో, రాబర్టో ది నొబిలీ అనే ఇటలీ పాదిరి మదురై వచ్చారు. అప్పట్లో మదురైని ఏలుతున్నది తెలుగు నాయకరాజులు. నొబిలీ తమిళంతో పాటు తెలుగు, సంస్కృతం కూడా నేర్చారు. కాషాయం కట్టారు, మాంసం మానేశారు, సన్యాసిలా బతికారు. పరంగి మతం అన్న పేరు పోగొట్టడానికి అంత కష్టపడిన వారు మరొకరు లేరు. అయితే కులం మతానికి సంబంధించింది కాదని, లోకాచారం మాత్రమేనని ఆయన అనుకున్నారు. బ్రాహ్మణులు బ్రాహ్మణులుగానే, తక్కిన కులాలవారు ఆ కులాలుగానే ఉండి క్రైస్తవులు కావచ్చునన్నారు. దానితో అగ్రకులాల వారికి ఒక తరహా గురువులు, కింది కులాల వారికి మరో తరహా గురువులు ఏర్పడ్డారు.

ఆచారాన్ని గౌరవించడం మంచిదే. కాని ఏది ఆచారం, ఏది అన్యాయం అని తేల్చేదెవరు? నొబిలీ ఆ ప్రశ్నను పై అరుగు మీద కూర్చున్న పండితులను అడిగారు. అజరయ్య వాడలో అడిగారు. జవాబులు వేరుగా వచ్చాయంటే ఆశ్చర్యం లేదు.

వాడలోని వాళ్లకు పాట ఉంది. భజన ఉంది, కోలాటం ఉంది, జాతర ఉంది. ఇంగ్లీషు కీర్తనను తెలుగులోకి మార్చి ఇంగ్లీషు రాగంలోనే పాడించే అలవాటు చాలా మిషన్లలో ఉండేది. మాట తెలుగు, నోరు తిరిగేది ఇంగ్లీషు. అజరయ్య దేశీయ రాగాల కీర్తనలకే పెద్దపీట వేశారు. అటువంటి కీర్తనల సంపద తెలుగువారికి అప్పటికే ఉంది. గంజాం ప్రాంతంలో పుట్టి క్రైస్తవులైన పురుషోత్తమ చౌదరి వంటివారు కర్ణాటక సంగీత బాణీల్లో రాసిన పాటలు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలో నేటికీ ఉన్నాయి. అక్షరం రాని ఆడవాళ్లు సైతం ఆ పాటలను, విశ్వాస ప్రమాణాన్ని, పది ఆజ్ఞలను, ప్రభువు ప్రార్థనను కంఠతా పట్టారు.

పంటలు ఇంటికొచ్చే వేళ కోత పండుగ చేయించారు. పొలంలో పండినదే దేవుని ముందుకు తెచ్చేవారు. ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు, మేకపిల్లలు. డబ్బు లేనివాడు కూడా ఏదో ఒకటి పట్టుకురాగలడు. కోత పండుగనాడు ఆ కానుకలను వేలం వేయడం మన పల్లెల్లో ఇప్పటికీ చూస్తున్నదే. పిడికెడు బియ్యం సంగతీ అంతే. పొద్దున, సాయంత్రం ఎసట్లో బియ్యం పోసేటప్పుడు ఒక పిడికెడు పక్కనున్న కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చేవారు ఆడవాళ్లు. ఆ పిడికెళ్లతోనే ఉపదేశులకు జీతాలు పుట్టాయి. బీదవాళ్ల దగ్గర కానుక ఎలా అడుగుతామని మొహమాటపడే దొరలు ఉండేవారు. ఇచ్చే చేయి ఉన్నవాడే తలెత్తుకుంటాడని అజరయ్య నమ్మకం. క్రైస్తవుడు ఇవ్వవలసిన కానుక గురించి ఆయన 1939లో రాసిన చిన్న పుస్తకం అనేక భాషల్లోకి వెళ్లింది.

దక్షిణాదిలో చాలాచోట్ల క్రైస్తవ పెళ్లిలో తాళి కట్టే ఆచారం పోలేదు. పోనవసరం లేదని కూడా పెద్దలు అనుకున్నారు. తాళిలో దోషం ఏముంది?

ఇక వద్దన్నవి. కులం వద్దు. ఇది అన్నిటికంటే కష్టమైంది. మాలవాడు, మాదిగవాడు ఒక బల్ల దగ్గర మోకరించి ఒకే గిన్నెలోని ద్రాక్షరసం పుచ్చుకోవాలన్నది ఆయన పట్టు. ఊరు ఈ రెండు వాడలనూ దూరం పెట్టింది నిజమే. ఈ రెండు వాడలు ఒకదాన్నొకటి దూరం పెట్టుకున్నదీ నిజమే. ఎక్కువ పేచీలు అక్కడే వచ్చాయి. దేవుని బల్ల దగ్గర దిగిన మెట్టు పెళ్లి సంబంధాల దగ్గరకు వచ్చేసరికి మళ్లీ ఎక్కినవారు ఎందరో. ఆ పని ఆయన పూర్తి చేసిపోయారని ఎవరూ అనలేరు.

చచ్చిన గొడ్డు మాంసం వద్దన్నారు. తాగుడు వద్దన్నారు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటినీ నాలుగు దయ్యాలుగా చూపి, ఊరూరా వాటి మీద యుద్ధం చేయించారు. గ్రామదేవతల జాతరలో డప్పు కొట్టడం మానుకున్న క్రైస్తవులకు ఊరి పెద్దలతో తగాదాలు వచ్చాయి. పనులు పోయాయి, దెబ్బలు పడ్డాయి. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. డప్పులో తప్పులేదు. డప్పు ఎవరు కొట్టాలో పుట్టుకతోనే నిర్ణయించి, కొట్టనంటే తన్నే పద్ధతిలోనే ఉంది తప్పు. ఈ రెంటినీ విడదీసి చూడటం అప్పటి ప్రచారకులందరికీ చేతకాలేదు. వాడలోని వాద్యాన్ని దయ్యాల పనిముట్టు అని మూల పడేసినవారూ ఉన్నారు. ఆ నష్టం నష్టమే.

బాప్తిస్మం పొందిన ప్రతివారూ ప్రచారకులే అని ఆయన చెప్పేవారు. ఊరికి వెళ్లినప్పుడు క్రైస్తవులందరినీ నిలబెట్టి, తలమీద చెయ్యి పెట్టించి, బాప్తిస్మం పొందిన నేను సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అనే అర్థంతో పలికించేవారు. జీతగాడైన అయ్యగారి కోసం ఎదురుచూడనక్కరలేకుండా కూలి మనిషి పక్క ఊరి చుట్టానికి తన మాటల్లో తాను చెప్పుకునేవాడు. దేవుని గురించిన మాట ఇక్కడి యాసలోకి రావడానికి పండితుల అనువాదాలకంటే ఈ చుట్టరికాలే ఎక్కువ పనిచేశాయని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఉపదేశులను తయారుచేసే చదువులో భర్తతో పాటు భార్యను కూడా కూర్చోబెట్టారు. అన్బు అమ్మాళ్ గారు ఆ పనిలో పెద్ద భారం మోశారు. ఒక పల్లెలో అయ్యగారు, అమ్మగారు ఇద్దరూ చదువుకున్నవారు ఉంటే మగపిల్లలతో పాటు ఆడపిల్లలూ బడికి వస్తారన్నది లెక్క.

1912లో యాభై ఆరు వేల పైచిలుకుగా ఉన్న సంఘం 1941 నాటికి రెండు లక్షల ఇరవై అయిదు వేలకు చేరింది. వాడల్లో వచ్చిన మార్పు చూసి శూద్ర కులాల కుటుంబాలు కూడా వేల సంఖ్యలో వచ్చి చేరాయి.

మరోవైపు ఆయన మార్చడానికి ఒప్పుకోనివి కూడా ఉన్నాయి. ఆంగ్లికన్ ప్రార్థన క్రమాన్ని తెలుగులో అలాగే ఉంచారు. తరాల తరబడి విశ్వాసులు పలికిన మాటలు డోర్నకల్ కూలీవాడికీ హక్కుభుక్తమేనని ఆయన భావన. నెల్లూరులో పుట్టిన తెలుగువారు పాండిపెద్ది చెంచయ్య, మరికొందరు మిత్రులు 1938లో క్రైస్తవాన్ని భారతదేశంలో కొత్తగా ఆలోచించాలని ఒక గ్రంథం తెచ్చారు. పడమటి దేశాల సంఘ నిర్మాణం, ఆ సిద్ధాంతాల బరువు మనకెందుకని చెంచయ్య ప్రశ్న. గొప్ప మేధావి, న్యాయమూర్తి. ఆయన ప్రశ్నలకు నేటికీ పూర్తి జవాబులు లేవు. అజరయ్య మాత్రం సంఘాన్ని వదులుకోవడానికి సిద్ధపడలేదు. చదువుకున్నవాడికి ఆలోచన చాలునేమో, ఊరు వెలివేసినవాడికి చేరడానికి ఒక ఇల్లు కావాలి.

గాంధీజీతో, అంబేద్కర్‌తో

1930లలో మతం మార్పిడి దేశమంతటా పెద్ద వివాదమైంది. మహాత్మా గాంధీ గుంపులుగా మతం మారడాన్ని గట్టిగా వ్యతిరేకించారు. బీదలు ఆత్మ కోసం కాక అవసరం కోసం మారుతున్నారని, ఎవరి మతంలో వారుండి దాన్ని బాగుచేసుకోవాలని ఆయన వాదం. డోర్నకల్‌లో జరుగుతున్నదాన్ని కూడా ఆయన తన పత్రికలో విమర్శించారు. అజరయ్య ఒప్పుకోలేదు. మాలవాడికీ మాదిగవాడికీ తన దేవుణ్ణి తాను ఎంచుకునే తెలివి ఉందని ఆయన పట్టు. ఇద్దరూ ఖద్దరును ఇష్టపడినవారే, ఇద్దరూ తాగుడును, అంటరానితనాన్ని తిట్టినవారే. ఈ ఒక్కచోట కలవలేదు.

అలాగని అజరయ్య తెల్లవారి పక్షం కాదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామని 1932లో ప్రభుత్వం ప్రకటించినప్పుడు వద్దని బాహాటంగా చెప్పారు. క్రైస్తవులు ఓట్ల లెక్క చూసుకునే ఒక వర్గంగా మిగిలిపోతే సువార్తకు విలువ ఉండదని, ఇరుగుపొరుగుతో కలిసి నిలబడాలని ఆయన అభిప్రాయం. గాంధీజీ అనుచరులకు ఆయన మత ప్రచారం నచ్చలేదు, కొందరు క్రైస్తవ నాయకులకు ఈ రాజకీయం నచ్చలేదు.

తాను హిందువుగా చనిపోనని 1935లో అంబేద్కర్ ప్రకటించారు. ఆ రోజుల్లో అంబేద్కర్‌కూ అజరయ్యకూ జరిగిన ఒక సంభాషణను ఆయన జీవితం గురించి రాసినవారు చెబుతారు. నా వాళ్లు దేశమంతటా ఉన్నారు, ఒక్కటిగా ఉన్నారు, మీ మతంలోకి వస్తే ఏ శాఖలో చేరాలి, వచ్చాక ఒక్కటిగా ఉంటామా అని అంబేద్కర్ అడిగారట. అజరయ్య దగ్గర జవాబు లేకపోయింది. జీవితంలో అంత సిగ్గుపడ్డ సందర్భం మరొకటి లేదని తర్వాత చెప్పుకున్నారట.

మన పల్లెల్లోనే చూడండి. ఒక ఊళ్లో బాప్టిస్టు, పక్క ఊళ్లో లూథరన్, రేవు దాటితే ఆంగ్లికన్. ఇవన్నీ ఇంగ్లండులో, జర్మనీలో, అమెరికాలో పుట్టిన తగాదాలు. ఆ తగాదాలు మన రైతుకూలీకి ఏమవుతాయి? 1919లో తరంగంబాడిలో ఈ విభేదాలు పోవాలని పాదిరీలు సమావేశమై ప్రకటన చేయడానికి ముందు నిలిచినవారిలో అజరయ్య ఒకరు. 1927లో స్విట్జర్లండులోని లోజాన్‌లో జరిగిన ప్రపంచ సభలో, ఐక్యత మీకు బాగుంటే బాగుండే విషయం కావచ్చు, మాకు మాత్రం ప్రాణావసరం అనే ధోరణిలో చెప్పి వచ్చారు. పరాయి రాగం వదిలినంత తేలిక కాదు పరాయి తగాదా వదలడం. సంప్రదింపులు ఏళ్లకు ఏళ్లు సాగాయి.

పాతికేళ్ల గుడి

కెతెడ్రల్ పని కూడా అంతే నెమ్మదిగా జరిగింది. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచి పని ఆగుతూ సాగుతూ దాదాపు పాతికేళ్లు పట్టింది. డబ్బు ఉన్నప్పుడు రాయి లేచేది, లేనప్పుడు ఆగేది. పల్లెల క్రైస్తవులు తమకు తోచింది ఇచ్చారు. నిజాం రాజ్యంలో ముస్లింలు, హిందువులు ఎలాంటి కట్టడంలో దేవుణ్ణి తలుచుకుంటారో అవే రూపాలు ఈ గుడిలోకి వచ్చాయి. రాతిలో తామరపూవు, దాంతో సిలువ చేరాయి. 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు, ప్రతిష్ఠ జరిగింది.

ఆ పండుగ పేరే గుడికి ఎందుకు పెట్టారో చూడాలి. తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రాన్ని చూసుకుంటూ వచ్చి బాలయేసును చూసిన రోజు అది. వచ్చినవారు యూదులు కారు, పరదేశులు. తమ దేశంలో దొరికే బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చి ముందు పెట్టారు. వేరే దేశం వస్తువులు కొని తీసుకురమ్మని వారిని ఎవరూ అడగలేదు.

ప్రతిష్ఠ జరిగాక అజరయ్య ఆరేళ్లు జీవించారు. డెబ్బై ఏళ్లు వచ్చినా ఊళ్లు తిరగడం మానలేదు. 1944 క్రిస్మసు రోజుల్లోనూ పల్లెల పర్యటనలోనే ఉన్నారు. జ్వరం తగిలింది. 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. సమాధి కూడా అక్కడే.

ఆయన పావు శతాబ్దం పైగా పాటుపడిన ఐక్యత 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కెతెడ్రల్‌లో జరిగింది. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ శాఖలవారు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డారు. డోర్నకల్ అధ్యక్ష మండలం అందులో భాగమైంది. అప్పటికి అజరయ్య పోయి రెండేళ్ల తొమ్మిది నెలలు కావస్తోంది.